నోరు పెట్టని మొహం

నేను ఒక దెయ్యం మొహాన్ని. దెయ్యాన్ని కాదు, ఉత్త మొహాన్ని. దెయ్యాలు ఉన్నాయో లేవో నాకు తెలీదు; ఇన్ని సినిమాల అనుభవం ఉండి కూడా ఇంతవరకూ ఒక్కదాన్నీ కళ్ళజూడలేదు. మనుషుల్ని మాత్రం బాగా చూశాను. కళ్ళుండాల్సిన చోట రెండు బొక్కలుంటే చాలు, మనుషులు ఎంత వింతగా ఉంటారో ఇట్టే తెలిసిపోతుంది.

నన్ను చేసినవాడు వేషాల తాతబ్బాయి. భీమవరం అవతల ఓ ఊళ్ళో ఉండేవాడు. పగటివేషాలు కట్టడం వాళ్ళ తాతల నాటి పని. ఇవాళ శివుడు, రేపు పిసినారి షావుకారు, ఎల్లుండి పెళ్ళికాని ముసలాడు. వేషాలు చూసేవాళ్ళు తగ్గిపోయి, అతను ఊళ్ళో గోడలకి సున్నాలు వేసుకుంటున్న రోజుల్లో సినిమావాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. నిర్మాత ముదునూరి సోమరాజుగారు రొయ్యల చెరువుల ఆసామి. దర్శకుడు వెంకటపతి అప్పటిదాకా పెళ్ళిళ్ళ వీడియోలు తీసినవాడు. సినిమా పేరు ‘గాదె కింద’. ధాన్యం గాదె కింద కాపురముండే దెయ్యం కథ. మొహం చేసిపెట్టి, అది తగిలించుకుని ఆడేవాడు కావాలి. రెండింటికీ తాతబ్బాయే చవగ్గా దొరికాడు.

పాత పేపర్లు నానబెట్టి, చింతగింజలు ఉడికించిన జిగురుతో పిసికి, బోర్లించిన కుండ మీద నన్ను అచ్చు తీశాడు. పైన పాత పంచె గుడ్డ, దాని మీద సుద్ద పూత. ఆ తరవాత ఎర్రరంగు, కోరలు, జానెడు నాలుక పెట్టాలని ఒప్పందం. అంతలో ముసురు పట్టుకుంది. మూడు రోజులు ఎండ లేదు. నేను ఆరలేదు. నాలుగో రోజు పొద్దున్నే షూటింగు. పాడుబడిన రైసు మిల్లులో నన్ను చూసి సోమరాజుగారు నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

“నోరేదిరా తాతబ్బాయ్?”

“ఆరలేదండి రాజుగారూ. తడి మీద కోస్తే దవడ జారిపోద్దండి.”

“నోరు లేకపోతే మడుసుల్ని ఎట్టా తింటాదిరా ఇది? వాసన చూసి ఒగ్గేత్తదా?”

హీరోయిన్ కాల్షీటు ఆ వారమే ఉంది. అందుకని అలాగే కానిచ్చేశారు. నేను ఆరేసరికి సగం సినిమా అయిపోయింది. సగంలో నోరు మొలిస్తే జనం అడుగుతారని వెంకటపతి నన్ను అలాగే ఉంచేశాడు. కళా దృష్టి అని తరవాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. వాన అని ఎక్కడా చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా జరిగింది. తాతబ్బాయి ఏ వేషం కట్టినా బయల్దేరే ముందు అతని పెళ్ళాం మంగాయమ్మ బుగ్గ మీద కాటుకతో దిష్టిచుక్క పెట్టేది. ఆ రోజూ పెట్టింది, నా బుగ్గ మీద. దెయ్యానికి దిష్టేమిటని లోకంలో ఎవరైనా అడుగుతారు. ఆ ఇంట్లో అడగలేదు. ఆ చుక్కతోనే కెమెరా ముందుకెళ్ళాను.

ఇక చూడండి, జనం హడిలిపోయారు! తెల్లటి మొహం, రెండు బొక్కలు, నోరు లేదు, బుగ్గ మీద నల్లచుక్క. హాల్లో పెద్ద మగాళ్ళు పక్కవాడి తొడ పట్టుకున్నారు. ఆ చుక్క మీద ఎన్ని సిద్ధాంతాలో! పుట్టుమచ్చ అన్నారు, తూటా దెబ్బ అన్నారు, ఒకాయనైతే అది దెయ్యం చావు తేదీని చెప్పే నక్షత్రమని ఫోన్లో వీడియో తీసి అరగంట ఉపన్యాసం పెట్టాడు. మంగాయమ్మ కాటుకబరిణె గురించి ఒక్కడికీ తోచలేదు.

తాతబ్బాయికి కావలసింది మాత్రం ఒక్కటే, తెర మీద తన పేరు. సినిమా చివర టీలు తెచ్చినవాడి పేరు పడింది, మిల్లు కాపలా కుక్క పేరు పడింది. గాదెదెయ్యం అన్న చోట మూడు ప్రశ్నార్థకాలు పడ్డాయి. ఎవరో తెలీకపోతేనే భయమని వెంకటపతి తెలివి. ఊళ్ళో టీకొట్టు దగ్గర తాతబ్బాయి “ఆ దెయ్యం నేనేనండి” అంటే కొట్టు సూర్నారాయణ గరిటె తిప్పుతూ నవ్వాడు.

“నువ్వే దెయ్యమైతే నేను హీరోయిన్ని. ఆ గోడకి రెండో కోటు వెయ్యి, పో.”

రెండో భాగానికి సోమరాజుగారు రొయ్యల లెక్కన ఆలోచించారు. మేత పెంచితే రొయ్య పెరుగుతుంది కదా, అలాగే కోరలు పెంచితే భయం పెరుగుతుందని. నాకు నోరు కోసి ఇరవై పళ్ళు దిగేశారు. గేదె తోక వెంట్రుకలు జుట్టయ్యాయి. అద్దంలో నన్ను నేను చూసుకుని మురిసిపోయాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. జనం మొదటి పది నిమిషాలు అరిచారు, తరవాత పళ్ళు లెక్కపెట్టారు. అయినా సినిమా ఆడింది. పిల్లలకి ఈ మొహమే నచ్చింది, ఎందుకంటే బొమ్మ గీయడం తేలిక. అభిమానులు రెండు ముక్కలయ్యారు: సుద్ద మొహం వాళ్ళు, పళ్ళ మొహం వాళ్ళు. ఒకే కంచంలో తినే అన్నదమ్ములు నా మూలంగా మాటలు మానేశారు. చివర్లో మళ్ళీ మూడు ప్రశ్నార్థకాలే పడ్డాయి.

మూడో భాగంలో నేను లేను, తాతబ్బాయీ లేడు. రబ్బరు మొహం, కంప్యూటరు మంటలు, లోపల సోమరాజుగారి మేనల్లుడు చిట్టిరాజు కండలు. ఆ దెయ్యం చొక్కా విప్పి గర్జిస్తుంటే హాలంతా ఈలలేసి నవ్వారట. మర్నాటి నుంచి సుద్దవాళ్ళూ పళ్ళవాళ్ళూ ఏకమై మొదలెట్టారు: మా పాత మొహం మాకు కావాలి!

నాలుగో భాగానికి కారు వచ్చింది, నా కోసం. తాతబ్బాయి కోసం కాదు. “మొహం ఇచ్చెయ్యి చాలన్నారు” అన్నాడు డ్రైవరు. తాతబ్బాయి నన్ను గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కారెక్కి కూర్చున్నాడు. “మొహం దిగితే నేనూ దిగుతాను, మొహం ఎక్కితే నేనూ ఎక్కుతాను” అన్నాడు. డ్రైవరుకి దింపే ధైర్యం చాలలేదు.

మిల్లులో నా పళ్ళు పీకారు. నోటికి కాగితం అంటించారు. కొత్తగా సుద్ద పూశారు. మేకప్ మనిషి పాత ఫోటో పక్కన పెట్టుకుని, స్కేలుతో కొలిచి మరీ చుక్క పెట్టాడు. చిట్టిరాజు తగిలించుకున్నాడు. భుజాలు ఎగరేశాడు, వేళ్ళు వంకర్లు తిప్పాడు, గుర్రుమన్నాడు. లైటు మనిషి ఆవులించాడు.

“మొహం అదే, చుక్కా అదే. మరి భయమేదయ్యా?” అన్నాడు వెంకటపతి తల పట్టుకుని.

“జిగురు తేడా ఏమో” అన్నారు సోమరాజుగారు మిరపకాయ బజ్జీ తుంచుతూ.

బస్తాల మీద కూర్చున్న తాతబ్బాయి లేచాడు. పగటివేషగాడు గుమ్మం ముందు ఎలా నిలబడతాడో నేను ఆ రోజే బయట నుంచి చూశాను. ఇంటివాళ్ళు తమంతట తాము కదిలేదాకా తను కదలడు. కనురెప్ప వెయ్యడు. మెడ ఒక్క వీసం పక్కకి వాల్చి, నీ వెనకాల ఎవరో ఉన్నట్టు నీ చెవి పక్కగా చూస్తాడు. అలా వచ్చి సోమరాజుగారి కుర్చీ ముందు నిలబడ్డాడు, ఉత్త మొహంతో, సున్నం మరకల లుంగీతో, పట్టపగలు పదకొండింటికి.

బజ్జీ నోటికీ ప్లేటుకీ మధ్య ఆగిపోయింది.

“ఏట్రా?”

తాతబ్బాయి చూపు ఆయన చెవి పక్కనే ఉంది.

“ఒరే, ఏట్రా అంటే పలకవేట్రా... ఎంకటపతీ, ఈణ్ణి ఎనక్కి లాగండ్రా... ఒరే బాబూ, ఏం కావాలో చెప్పరా నీ పుణ్యముంటాది!” కుర్చీ కిర్రుమంటూ రెండడుగులు వెనక్కి జరిగింది. ఎవరూ జరపలేదు.

అప్పుడు తాతబ్బాయి రెప్ప వేశాడు.

“పేరండి రాజుగారూ. తెర మీద నా పేరు. ప్రశ్నార్థకాలొద్దండి.”

చిట్టిరాజు మొహానికి వేలాడుతూ ఇదంతా చూశాను. ఇన్నేళ్ళూ జనాన్ని ఏడిపించింది నేనేనని ఎంత పొంగిపోయాను! నోరు పెట్టారని గర్వం, పీకారని దిగులు, రబ్బరు మొహం మీద అసూయ. అసలు పనంతా నా వెనకాల ఉన్న మెడ చేసింది. వెంకటపతి నన్ను విప్పించి పక్కన పెట్టేసి, “ఇలాగే, ఉత్త మొహంతోనే తీసేద్దాం” అన్నాడు. కళా దృష్టి మళ్ళీ వచ్చింది ఆయనకి.

విడుదల రోజు నన్ను భీమవరం హాలు వరండాలో అద్దాలపెట్టెలో పెట్టారు. సుద్దవాళ్ళు నాతో ఫోటోలు దిగారు, పళ్ళవాళ్ళు పళ్ళేవని తగాదా పెట్టుకున్నారు. లోపల ఆట మొదలయ్యాక అరుపులు వినిపించాయి. మొదటి సినిమా నాటి అరుపులే.

విరామంలో తాతబ్బాయి, మంగాయమ్మ బయటికొచ్చారు. సినిమా మొదట్లోనే పేరు పెద్దక్షరాల్లో పడిందని వరండాలో అందరూ చెప్పుకుంటున్నారు. సమోసాల దగ్గర పొడుగాటి లైను. చివర్న ఉన్నామె వెనక్కి తిరిగి చూసి కెవ్వుమంది. లైను రెండుగా చీలి గోడలకి అంటుకుపోయింది.

“అయ్యయ్యో, ఉండండి, నేనేం చెయ్యనండి” అన్నాడు తాతబ్బాయి.

“ఖాళీయేగా, ఎళ్ళు ముందుకి” అని వెనక నుంచి తోసింది మంగాయమ్మ.

కౌంటరులో ఉన్న అమ్మాయి సమోసాల ప్లేటు అందించింది.

“తాతబ్బాయిగారూ... చట్నీ కావాలాండీ?”

గారు! నలభై ఏళ్ళు ఊరంతా వీధి వీధీ తిరిగిన మనిషికి ఆ మాట అప్పుడే మొదటిసారి తగిలింది. కదలకుండా, పలకకుండా, రెప్ప వెయ్యకుండా అలాగే నిలబడిపోయాడు. కళ్ళలో నీళ్ళున్న సంగతి నా పెట్టె వైపు నుంచి కనిపించింది గానీ, ఆ పిల్ల వైపు నుంచి కనిపించినట్టు లేదు. సమోసాల పళ్ళెం మొత్తం ఆయన ముందుకి తోసేసి, కౌంటరు కింద దూరింది.