పిడికెడు బియ్యం డబ్బా

నేను ఒక రేకు డబ్బాను. మూడు కిలోల బియ్యం పట్టే ఒళ్ళు, బిగుతు మూత, పొట్ట మీద బిస్కెట్టు కొరుకుతున్న ఒక బొద్దు పిల్లాడి బొమ్మ. గుంటూరు పక్కన ఒక షెడ్డులో మిషను నన్ను మడిచి, అంచులు నొక్కి, బొమ్మ అచ్చేసి బయటికి తోసింది. ఆ పూట నాతోపాటు వందమంది పుట్టారు. అందరి మొహాలూ ఒకటే కావడంతో ఎవరూ ఎవరినీ గుర్తుపెట్టుకోలేదు.

మొదట బేకరీ కౌంటరు మీద కొన్నాళ్ళు దర్జాగా కూర్చున్నాను. తర్వాత ఒక టీచరమ్మ బిస్కెట్లతో సహా నన్ను కొనుక్కుపోయింది. బిస్కెట్లు నాలుగు రోజుల్లో అయిపోయాయి. ఆ తర్వాత నాలుగేళ్ళపాటు ఆవిడ నాలో ఊడిన గుండీలు, చిక్కుపడిన దారపు ఉండలు, ఏ తాళానివో తెలియని తాళంచెవులు దాచింది. మనుషులు పనికిరానివాటిని ఎంత జాగ్రత్తగా దాచుకుంటారో నాకు అక్కడే తెలిసింది. చివరికి ఇల్లు మారుతూ గుండీలను వెంట తీసుకెళ్ళి, నన్ను మాత్రం పాత సామాన్ల బండికి వేసేసింది.

పాత సామాన్లు తీసుకుని ఉల్లిపాయలిచ్చే ఆ బండి ఊరూరూ తిరిగి మిరియంపాలెం చేరింది. అక్కడ ఒక ఇంట్లోంచి పగిలిన బకెట్ పట్టుకుని ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, గొంతు గట్టిది.

"ఉల్లిపాయలొద్దులే. ఆ పిల్లోడి బొమ్మ డబ్బా ఇయ్యి."

"ఈ బకెట్‌కి ఆ డబ్బా రాదమ్మా."

"వస్తదిలే. దేవుడి పనికి."

ఏ దేవుడని బండివాడు అడగలేదు. నన్ను తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పేరు లేయమ్మ. భర్త ఏలియా ఇళ్ళ స్లాబులకి కర్రలు కట్టే సెంట్రింగ్ మేస్త్రి. ఇద్దరు ఆడపిల్లలు. ఆ సాయంత్రమే ఏలియా నీలం రంగు తెచ్చి నా పొట్ట మీద ఒక సిలువ గీసి, కింద 'దేవునిది' అని రాశాడు. సిలువ సరిగ్గా పిల్లాడి మొహం మీద పడింది. ఒక కన్ను మాత్రం పక్కనుంచి చూస్తూనే ఉంటుంది.

నా పని ఏమిటో మర్నాడు పొద్దున తెలిసింది. ఎసరు పెట్టాక లేయమ్మ బియ్యం కొలిచి చేటలో పోసింది. కడగబోయే ముందు ఆ బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, కళ్ళు మూసుకుని నాలో వేసింది. రాత్రి వంటకీ అంతే. ఆ పాలెంలో చర్చికి వెళ్ళే ప్రతి ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఒకటి ఉంటుంది. నెల మొదటి ఆదివారం ఆడవాళ్ళంతా డబ్బాలు తీసుకెళ్ళి, అందరి ముందూ వరసలో నడిచి, పాస్టరమ్మగారికి అందిస్తారు. ఆవిడ మూత తీసి పెద్ద గంపలో పోస్తారు. పాస్టరుగారి ఇల్లు గడిచేది ఆ గంపతోనే.

ఆ గంప బియ్యం సంగతి కూడా చెప్పాలి. ఒకరిది సన్నబియ్యం, ఒకరిది కోటా బియ్యం, ఒకరిది నూకలు. అన్నీ కలిపి వండితే పాస్టరమ్మగారి కుండలో సగం ముద్ద, సగం పలుకు. పాస్టరుగారు దానికి కూడా కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పి తింటారట.

పిడికెడు వేసేటప్పుడు లేయమ్మ చేసే ప్రార్థనలు వింటే నాకు భలే కాలక్షేపం. దేవుడికి పని చెప్పడంలో ఆమెకు మొహమాటం లేదు. మిరప కోతకి ఏ ముఠా మేస్త్రితో వెళ్ళాలో ఆయన్నే అడిగేది. చిన్నపిల్ల దగ్గు గురించి, పక్కింటామె మాట పడలేక వచ్చిన కోపం గురించి, ఇంటి వాసం గురించి, అన్నీ ఆయనకే. పెద్దపిల్లను హాస్టల్లో వెయ్యాలా వద్దా అని వారం రోజులు అడిగింది. చివరికి ఆమె మొహం తేటపడింది, పిల్లను హాస్టల్లో వేసింది. జవాబు ఎలా వచ్చిందో నాకు వినపడలేదు గానీ, వచ్చిందని ఆమె నడకలో తెలిసింది. అలా ఏ పూటకి ఆ పూట దారి అడుగుతూ, భయాలు ఆయనమీద వేసి, తేలికపడి పనిలోకి వెళ్ళేది.

ఆమెకున్న తెగులల్లా ఒక్కటే. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద కావడంతో, తనలాగే అందరూ ఉండాలనుకునేది. ఒక మొదటి ఆదివారం దోర్కమ్మ అనే బీద మనిషి ఖాళీ డబ్బాతో వచ్చింది. లేయమ్మ అందరూ వినేలా అనేసింది: "దేవుడికి పిడికెడు తియ్యలేని ఇంట్లో ఏం నిలుస్తదమ్మా?" దోర్కమ్మ తల వంచుకుని వెనక్కి వెళ్ళి కూర్చుంది. నాకు మాత్రం ఆ పూట లేయమ్మ చేతిలో ఉండడం కొంచెం సిగ్గనిపించింది.

రెండేళ్ళు గడిచాయి. ఏప్రిల్ మొదటి ఎండల్లో ఏలియా స్లాబు కర్ర విరిగి కిందపడ్డాడు. తొడ ఎముక విరిగింది. పెద్దాసుపత్రిలో సిమెంటు కట్టు వేసి, కదలకుండా మంచం మీద ఉండమన్నారు. మిరప కోతలు అప్పటికే అయిపోయాయి. పొలాల్లో పని లేదు. మే నెల కోటా బియ్యం ఇరవైకల్లా అడుగంటాయి. లేయమ్మ ఇంటింటికీ పోయి అడిగే మనిషి కాదు. అయినా పొద్దునా రాత్రీ నాలో పిడికెడు పడుతూనే ఉంది.

ఇరవయ్యారో తారీకు పొద్దున ఆమె బియ్యం బానలో చెయ్యి పెట్టి చుట్టూ తడిమింది. చేతికి దుమ్ము అంటింది. సెలవులకి వచ్చిన పెద్దపిల్ల, చిన్నపిల్ల గుమ్మంలో కూర్చుని చూస్తున్నారు. లేయమ్మ నా మూత తీసింది.

"శనివారానికల్లా మళ్ళీ పోస్తా ప్రభువా," అని రెండు గ్లాసులు తీసుకుంది.

మర్నాడు కూడా తీసుకుంది, ఆ రోజు ఏమీ అనలేదు. మూడో రోజు నన్ను గోడవైపు తిప్పి పెట్టి తీసుకుంది. నాలుగో రోజుకి నా అడుగు కనపడింది. నాకు ఆ బియ్యం పోయాయని బాధ లేదు. పిల్లలు కడుపునిండా గంజి తాగారు, సంతోషమే. కానీ లేయమ్మ దేవుడితో మాట్లాడడం మానేసింది. నా బాధంతా అదే. చెప్పుకునే తోడు ఆమెకి ఆయన ఒక్కడే, ఆయన దగ్గరే నోరు మూసుకుంది.

శనివారం సాయంత్రం ఆమె పొయ్యిలోకి తెచ్చుకున్న ఊక బస్తా విప్పింది. నాలో ఊక పోసి అరచేత్తో అదిమింది. పైన, బానలో ఊడ్చి తీసిన పిడికెడు బియ్యం పరిచింది. ఖాళీ డబ్బాతో ఆ వరసలో నడవడం ఆమె వల్ల కాదు. దోర్కమ్మ అక్కడే కూర్చుని ఉంటుంది మరి.

ఆదివారం వరసలో నడుస్తుంటే లేయమ్మ చేతి చెమట నాకు తగిలింది. మూత తీసి వొంచితే ఊకంతా గంపలో పడుతుంది, అందరి ముందూ. ఆ సంగతి ఆమెకి అక్కడికి వచ్చాకే తట్టినట్టుంది. వెనక్కి తిరగడానికి దారి లేదు. పాస్టరమ్మగారు, సుగుణకుమారి ఆవిడ పేరు, రెండు చేతులా నన్ను అందుకున్నారు. ఏళ్ళ తరబడి డబ్బాలు ఎత్తిన చేతులవి. ఊక బరువెంతో ఆ చేతులకి తెలుసు. ఆవిడ ఒకసారి లేయమ్మ మొహంలోకి చూశారు. నా మూత మీద చెయ్యి వేసి లాగినట్టు నటించారు.

"మూత బిగుసుకుపోయిందమ్మా. తర్వాత తీస్తాలే," అని నన్ను తన వెనక నేలమీద పెట్టేశారు.

పాస్టరమ్మగారు మందిరంలో అబద్ధమాడడం బహుశా అదే మొదటిసారి. చక్కగా ఆడారు. లేయమ్మ ఆఖరి ప్రార్థన కూడా కాకుండానే నన్ను వదిలేసి ఇంటికి పోయింది.

మధ్యాహ్నం పాస్టరమ్మగారే నన్ను కొంగు కింద పెట్టుకుని వచ్చారు. లేయమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. మంచం మీదనుంచి ఏలియా లేవబోయి, లేవలేక దణ్ణం పెట్టాడు. పాస్టరమ్మగారు పీట లాక్కుని కూర్చున్నారు.

"ఏమ్మా లేయమ్మా, దేవుడు ఊక తింటాడని ఎవరు చెప్పారు నీకు?"

లేయమ్మ భోరున ఏడ్చేసింది. "నన్ను సమాజంలోంచి తీసెయ్యండమ్మగారూ. దేవుడి బియ్యం తిన్నాం. ఇంక ఆయన మొగం ఎట్టా చూసేది? బుధవారం కట్టు ఇప్పుతారు. నేను చేసిన పనికి ఈయన కాలు అతకదు. నాకు తెలిసిపోయింది."

అన్నాళ్ళూ ఆమె లోపల నలుగుతున్నది అది. ఏలియాకి కూడా ఆ మాట అప్పుడే తెలిసింది.

పాస్టరమ్మగారు కాసేపు ఆమెను ఏడవనిచ్చారు. తర్వాత నిదానంగా అన్నారు: "మేం ఈ ఊరొచ్చిన ఏడేళ్ళనుంచి ఆ బియ్యం ఎవరు తింటన్నారనుకున్నావ్? నేను తింటన్నా, మా అయ్యగారు తింటన్నారు. మా కాళ్ళు బానే ఉన్నాయిగా."

లేయమ్మ ఏడుపు ఆపి చూసింది.

"ఆయన పేరు చెప్పి మా కంచంలో పెడితే ఆయనకి ఇష్టం. అదే పిడికెడు నీ బిడ్డల కంచంలో పడితే కోపమొస్తదా? అట్టాంటి దేవుడికా మనం ఇన్నాళ్ళూ మొక్కేది? నువ్వు చేసిన తప్పు బియ్యం తినడం కాదు. ఆయనతో మాట్లాడ్డం మానేశావ్ చూడు, అదీ తప్పు."

ఏలియా మంచం మీదనుంచి నవ్వాడు. నవ్వితే కాలు నొప్పి పుట్టి మూలిగాడు. అది చూసి లేయమ్మకి కూడా ఏడుపులోనే నవ్వొచ్చింది. పాస్టరమ్మగారు నా మూత తీశారు. ఊక లేదు. అంచుదాకా బియ్యం, సన్నవీ లావువీ నూకలూ కలిసినవి.

"మా ఇంట్లో ఇవి సరిగ్గా ఉడకవు. మీ ఇంట్లో ఉడుకుతాయేమో చూడు," అని ఆవిడ వెళ్ళిపోయారు.

ఆవిడ గడప దాటకముందే లేయమ్మ కళ్ళు మూసుకుంది. వారం రోజుల మాటలన్నీ ఒక్కసారే చెప్పింది, మధ్యలో ఊపిరి కూడా సరిగ్గా తీసుకోలేదు. అది విని నాకు ప్రాణం లేచొచ్చింది.

బుధవారం కట్టు విప్పారు. ఎముక అతికింది. కొంచెం కుంటు మిగిలింది. దాని గురించి లేయమ్మ ఇప్పటికీ దేవుడితో మాట్లాడుతూనే ఉంది.

ఆ తర్వాతి ఆదివారం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళకి ఆమె లేచి నిలబడింది. ఊక సంగతి దాచకుండా చెప్పింది. దోర్కమ్మ వైపు తిరిగి, "వదినా, ఆ రోజు నిన్ను అన్న మాట నాకే తగిలింది. నన్ను మన్నించు," అంది.

దోర్కమ్మ కూర్చున్న చోటునుంచే అంది: "నాకు తెలిస్తే రెండు గ్లాసులు తెచ్చిపెట్టేదాన్నిగా. చెప్పవేం నువ్వు?"

అప్పుడు మూలనుంచి ఒక ముసలామె లేచింది. "నేను పురుగు పట్టిన బియ్యమే పోస్తన్నానయ్యా. మంచియి ఇంటికి ఉంచుకుంటన్నా."

"తెలుసు మామ్మా, తింటున్నాంగా," అన్నారు పాస్టరుగారు. మందిరమంతా నవ్వు.

ఆ నవ్వు తర్వాత పద్ధతి మారింది. అందరి ముందూ వరసలో నడవడం తీసేశారు. గంపను పక్క గదిలో పెట్టి, ఆ గదికి తలుపు పెట్టించారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే డబ్బాను కొంగు కింద పెట్టుకుని లోపలికి వెళతారు. ఉన్నవాళ్ళు పోస్తారు, లేనివాళ్ళు తీసుకుంటారు. నా మూత ఊడిపోయి, అంచులు తుప్పు పట్టాక లేయమ్మ నన్ను కూడా ఆ గదిలోనే గంపలో పెట్టేసింది. ఇప్పుడు నేను అక్కడ కొలత డబ్బాని, ఫలానావారి వస్తువుని కాను.

పోసినా బియ్యం చప్పుడే, ముంచుకున్నా బియ్యం చప్పుడే. బయట కూర్చున్నవాళ్ళకి తేడా తెలియదు. లోపలున్న నాకు తెలుసు, చెప్పను. తలుపు తీసుకుని బయటికి వెళ్ళే ప్రతి మనిషీ తల ఎత్తుకునే వెళుతుంది.