పదిహేడో నంబరు టూల్

పదిహేడో నంబరు టూల్‌ని నాకు ఒబ్దూలియా ఇచ్చింది. ఫ్యాక్టరీలో ఉన్నవన్నీ ఫ్యాక్టరీవే, కానీ మా బల్ల దగ్గర ఎవరి టూల్ ఎవరిదో అందరికీ తెలుసు. పిడి మీద గోళ్ళరంగుతో ఎవరి చుక్క వాళ్ళం పెట్టుకుంటాం. ఒకరి చుక్క ఉన్న టూల్‌ని ఇంకొకరు ముట్టుకుంటే ఆ పూట భోజనాల బల్ల దగ్గర మాటలుండవు.

మేము చేసేది లారీల వెనక దీపాలకు వెళ్ళే వైర్ల కట్టలు. వైరు కొస తొడుగు వలిచి, రాగి పోగుల్ని లగ్గు అనే చిన్న ఇత్తడి గొట్టంలో పెట్టి, టూల్‌తో నొక్కాలి. ఆ నొక్కడాన్నే క్రింపింగ్ అంటారు. మెక్సికో సరిహద్దు ఊరు రేనోసాలో, నది ఒడ్డున ఉన్న ఈ ఫ్యాక్టరీలో నేను చేరి ఏడు నెలలైంది. బడి ఎనిమిదో తరగతిలోనే ఆగిపోయింది నాకు. పని నేర్పింది ఒబ్దూలియానే.

"ముందు లగ్గుల చుట్ట మీద నంబరు చూడు, తర్వాత టూల్ దవడ మీద నంబరు చూడు. రెండూ కలవాలి. కలవకపోతే పెళ్ళి జరిగినా కాపురం నిలవదు," అంది మొదటి రోజు. "ముందు పన్ను రాగిని కొరుకుతుంది, వెనక పన్ను తొడుగుని పట్టుకుంటుంది. రాగి అటు చివర వెంట్రుకంత బయటికి కనిపించాలి. అంతకంటే ఎక్కువ కనిపిస్తే సిగ్గుచేటు."

"తొడుగు ముందు పన్ను కింద పడితే?"

"పైకి బాగానే ఉంటుంది పిల్లా, లోపల కరెంటు పారదు. నా మొగుడిలాగ."

బల్లంతా నవ్వారు. మా పాపకు జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎత్తుకున్నది కూడా ఆమే. ఇక్కడ తల్లీ, జ్ఞానతల్లీ ఒకరినొకరు కొమాద్రే అని పిలుచుకుంటారు. అప్పట్నుంచి ఆమె నాకు కొమాద్రే, నేను ఆమెకు కొమాద్రే.

పాప పేరు యారెత్సి. పధ్నాలుగు నెలలు. గుండెలో రంధ్రం ఉంది. ఏడిస్తే పెదాలు నేరేడుపండు రంగుకు తిరుగుతాయి. సెప్టెంబరులో ఆపరేషన్ చేస్తామని జాబితాలో పేరు రాశారు. ఆ జాబితా, రోజూ వేసే చుక్కలమందు, రెండూ నా ఉద్యోగం మీద వచ్చే బీమాతోనే. ఉద్యోగం ఉంటే పేరు ఉంటుంది. లేకపోతే లేదు. అంతే లెక్క. పని చేస్తున్నంతసేపూ నా చెవి టేబుల్ డ్రాయరులోని ఫోన్ మీదే ఉంటుంది. అది మోగకపోతే ఎందుకు మోగలేదని భయం, మోగితే ఇంకా భయం.

కాన్పయ్యాక నా కుడి మణికట్టు చెడింది. టూల్ నొక్కడం మొదలుపెడితే చివరిదాకా నొక్కాల్సిందే, లోపలి పళ్ళు అప్పటిదాకా వదలవు. మధ్యాహ్నానికి వేళ్ళు మొద్దుబారిపోయేవి. నేను బల్ల కింద చెయ్యి విదిలించుకోవడం ఒబ్దూలియా చూసింది. తనను ఆఖరి తనిఖీ బల్లకు మార్చినప్పుడు పదిహేడో నంబరు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇది మెత్తనిది. నీకంటే ముందు ఈ బల్ల మీద చేసిన తెంచా ప్రసవానికి వెళ్తూ నాకిచ్చింది. చేతికి అలవాటుపడి అరిగి అరిగి ఇలా అయింది, పాత చెప్పులాగ. ఎవరికీ ఇవ్వకు."

ఆమె ఎర్ర చుక్క పక్కన నా నీలం చుక్క పెట్టుకున్నాను. ఆ రోజు ఇంటికి వెళ్ళి పాపను రెండు చేతులతో ఎత్తుకోగలిగాను.

ప్రతి పొద్దునా పని మొదలయ్యే ముందు ఐదు ముక్కలు నొక్కి లాగుడు యంత్రానికి ఇవ్వాలి. వైరు ఎంత బలానికి ఊడుతుందో అది చూపిస్తుంది. కాగితం మీద ఆ అంకె రాసి సంతకం పెట్టాలి. మెత్తని టూల్ ఉన్నవాళ్ళం ఆ ఐదింటినీ రెండుసార్లు నొక్కుతాం. రెండో కొరుకు రెండు చేతులతో. ఇది మోసం అని నాకెవరూ చెప్పలేదు. అతిథికి మంచి పళ్ళెం తీసినట్టు, యంత్రానికి మంచి ముక్కలు ఇవ్వడం అనుకున్నాను. మిగతా రోజంతా ఒక్క కొరుకే.

మంగళవారం నది అవతల అమెరికా నుంచి ఒక పెట్టె తిరిగొచ్చింది. ఇంజినీరు లాందెరోస్ గారు దాన్ని మా బల్ల మీద పెట్టి, ఒక కట్ట తీసి, లగ్గు పట్టుకుని వైరు లాగారు. వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చేసింది. ఇంకోటి లాగారు. అదీ వచ్చింది. కట్ట మీద అంటించిన చీటీలో టూల్ నంబరు, దాని కింద నా సంతకం ఉన్నాయి.

నాకు ముందుగా ఉద్యోగం గుర్తురాలేదు. ఆ దీపం వెలగని లారీ వెనకాల ఏదో కారులో ఒక పసిపిల్ల కూర్చుని ఉన్నట్టు కనిపించింది. తర్వాత సెప్టెంబరు గుర్తొచ్చింది. ఆ తర్వాత ఇంకేమీ కనిపించలేదు.

నన్నూ ఒబ్దూలియానూ గాజుగదిలోకి పిలిచారు. ఇంజినీరు గారు పదిహేడో నంబరును తిప్పి, పిడి లోపలివైపు చూపించారు. అక్కడ గోరంత పళ్ళచక్రం ఉంది. ఒక పక్క కూడిక గుర్తు, ఒక పక్క తీసివేత గుర్తు. చక్రం తీసివేత వైపు చివరిదాకా తిరిగి ఉంది.

"అందుకే సగం నొక్కగానే వదిలేస్తోంది. ఎవరు తిప్పారు?"

నెలల తరబడి రోజుకు నాలుగు వందలసార్లు పట్టుకున్న వస్తువు. అందులో చక్రం ఉందని నాకు తెలీదు. ఒబ్దూలియా ముఖం చూశాను. పదకొండేళ్ళుగా ఇదే పని చేస్తున్న ఆమెకూ తెలీదు.

"పాత చెప్పులా అరిగి మెత్తబడిందనుకున్నాం ఇంజినీరు గారూ," అంది ఆమె.

"ఇనుము చెప్పు కాదమ్మా. సరే. మధ్యాహ్నంలోగా అవతలికి నివేదిక పంపాలి. అందులో ఒక పేరు ఉండాలి. టూళ్ళు ఇచ్చే కిటికీ దగ్గర రాయించకుండా ఇది చేతులు ఎలా మారింది?"

ఒబ్దూలియా నోరు తెరవబోయింది. అంతకుముందే నా నోరు తెరుచుకుంది.

"నాకు ఈవిడ ఇచ్చింది. నేను కొత్తదాన్ని. ఏమీ తెలీదు."

అందులో ఒక్క మాట అబద్ధం లేదు. పొద్దుటి రెండు కొరుకుల సంగతి మాత్రం చెప్పలేదు. ఒబ్దూలియా చెప్పొచ్చు. చెబితే నేనూ పోతాను. ఆమె నా వైపు చూసింది.

"అవునండీ. నేనే ఇచ్చాను," అంది.

ఆమె మెడలోని గుర్తింపు కార్డు తీయించుకున్నారు. తలుపు దాటుతూ నా దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"పాపకు పదకొండింటి చుక్కలు వేశారో లేదో, మీ అమ్మకు ఫోన్ చేసి కనుక్కో కొమాద్రే."

బుధవారం నాకు ముప్పై ఒకటో నంబరు ఇచ్చారు. సరిచూసినట్టు కొత్త చీటీ అంటించి ఉంది. దాన్ని చివరిదాకా మూయడానికి నా కుడిచెయ్యి సరిపోలేదు. రెండు చేతులతో నొక్కితే వైరు పట్టుకోవడానికి చెయ్యి లేదు. పిడిని బల్ల అంచుకు ఆనించి, రొమ్ముతో అదిమి నొక్కాను. పాలు జాకెట్టులోకి ఇంకాయి. పక్కనున్న బ్రిసేయిదా పిడి బల్లకు కొట్టుకునే చప్పుడు విని కూడా తలెత్తలేదు. భోజనాల దగ్గర నా పళ్ళెం పక్కన ఎవరూ కూర్చోలేదు. తెచ్చుకున్న బురీతో రొట్టె చల్లారిపోయింది, తినలేదు.

నేను నొక్కిన ప్రతి వైరునూ లాగి చూసుకున్నాను. ఊడలేదు. ఇన్నాళ్ళకు పని సరిగ్గా చేస్తున్నాను, నాలుగు వందల చోట నూట అరవై అవుతున్నాయి. పళ్ళబిగువున చేశాను. గురువారం నూట డెబ్బై. శుక్రవారం నూట యాభై.

శుక్రవారం సాయంత్రం ఇంజినీరు గారు పిలిచారు. కోపంగా లేరు.

"నెరెయ్దా, నీకు ఈ పని కుదరదమ్మా. సోమవారం నుంచి ప్యాకింగులోకి వెళ్ళు. అది బయటి కూలీల ఏజెన్సీ కింద ఉంటుంది."

"బీమా ఉంటుందాండీ?"

"మొదటి ఆరు నెలలు వాళ్ళు ఇవ్వరనుకుంటా. వాళ్ళనే అడుగు."

"మా పాపకు సెప్టెంబరులో…"

"తెలుసమ్మా. అందుకే నిన్ను పూర్తిగా పంపేయలేదు."

ఆదివారం పాపను ఎత్తుకుని ఒబ్దూలియా ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలీదు. ఇంకెవరికి చెప్పుకోను? ఆమె వాకిట్లో పొయ్యి మీద పెనం పెట్టుకుని తొర్తీయా రొట్టెలు వత్తుతోంది. నన్ను చూసి వత్తడం ఆపలేదు. నిలబడే అంతా చెప్పాను. ప్యాకింగు, ఏజెన్సీ, ఆరు నెలలు.

అప్పుడు నవ్వింది. చేతుల పిండి రాలేలా నవ్వింది.

"ఓసి నీ తెలివి తగలెయ్య! నన్ను పట్టించినదానివి, సెప్టెంబరుదాకా అయినా నిలబడాల్సింది కదే."

"క్షమించండి కొమాద్రే."

"నీ క్షమాపణ పాపకు తాగిస్తావా?"

చేతులు కడుక్కుని వచ్చి పాపను నా దగ్గర్నుంచి లాక్కున్నట్టే తీసుకుంది. పాప ఆమె జడ పట్టుకుని నోట్లో పెట్టుకుంది. ఒబ్దూలియా దాని పెదాలు వెలుతురుకు తిప్పి చూసింది.

"మందు ఇంకా ఎన్ని రోజులకుంది?"

"పన్నెండు."

"ఆ తర్వాత?"

జారిన పాప మేజోడు పైకి లాగాను. పెనం మీద తొర్తీయా మాడుతోంది, ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.