గాలికి ముడుచుకునే పందిరి

దోహాలోని అల్ ఘర్రాఫాలో విల్లా అద్దెకు తీసుకున్న రోజే వేదవతి తన కుర్చీ ఎక్కడ వేసుకోవాలో తేల్చేసుకుంది. వెనక తలుపు తీస్తే నాలుగు కుర్చీలు పట్టే గచ్చు, ఓ వారగా మల్లెతొట్టి. పదకొండేళ్ళపాటు అల్ సద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో కాపురం చేసిన మనిషికి ఆకాశం కింద కూర్చుని కాఫీ తాగడమంటే మాటలా! ఒకటే తంటా. ఆ గచ్చు పడమటి ముఖం. మధ్యాహ్నం దాటితే అక్కడ ఎవరి తరమూ కాదు.

“పందిరి వేయిద్దామండీ,” అంది భర్తతో.

సత్యనారాయణమూర్తి స్ట్రక్చరల్ ఇంజనీరు, పైగా మచిలీపట్నంలో తుఫాన్లు చూస్తూ పెరిగినవాడు. పందిరి అనగానే కాగితం తీసి నాలుగు ఇనుప స్తంభాలు, మందపాటి రేకు, అడుగున కాంక్రీటు గీసేశాడు. ఆ బొమ్మ చూసిన వాళ్ళెవరూ దాని కింద కాఫీ తాగుతారని అనుకోరు.

పందిళ్ళు బిగించే షఫీ వచ్చి ఆ కాగితాన్ని మర్యాదగా మడిచి ఆయన చేతికే ఇచ్చేశాడు. రాయచోటి మనిషి, పదేళ్ళుగా దోహాలో ఇదే పని.

“రేకు వద్దు సార్. షమాల్ గాలి, ఈడి ఉత్తరపు ఇసక గాలి, పట్టిందంటే మూడు దినాలు వదలదు. రేకు డబడబా అంటానే ఉంటాది. సముద్రం ఉప్పుకు తుప్పొకటి. గాలికి ఎదురు నిలబడేది కాదు సార్ మనకు కావాల్సింది, గాలొస్తే ముడుచుకునేది.”

ముడుచుకునేదంటే, గోడకు బిగించిన గొట్టం, దాని నుంచి బయటికి చాచుకునే అల్యూమినియం చేతులు, వాటి మీద గట్టి గుడ్డ. ఓ మూల గిరగిరా తిరిగే చిన్న గాలిచక్రం. గాలి జోరెక్కితే అదే కనిపెట్టి మోటారుకు చెబుతుంది, మోటారు గుడ్డను చుట్టేస్తుంది. నిలబడడం మానేసి ముడుచుకుపోయే కట్టడమేమిటని మూర్తి మనసు నొచ్చుకుంది. వేదవతి అప్పటికే నమూనా గుడ్డలన్నీ ఒళ్ళో పరుచుకుని, చీరల కొట్లో కూర్చున్నట్టు కూర్చుని, ముదురు ఎరుపు ఎంచుకుంది.

“ఎరుపు మీద దుమ్ము కొట్టొచ్చినట్టు కనపడతాదమ్మా. ఇసక రంగు తీసుకోండి, దుమ్ము పడినా తెలీదు,” అన్నాడు షఫీ. ఆవిడ అయిష్టంగానే ఒప్పుకుంది.

ఇక ఇంటి యజమానురాలు ఒప్పుకోవాలి. డెబ్బై దాటిన ఖతరీ ఆవిడ, పక్క భాగంలోనే కాపురం. అందరూ ‘మామా’ అంటారు, అక్కడి మాటలో అమ్మ అని. ఆవిడ అరబ్బీని తెలుగులోకి దించేది ఆవిడ ఇంట్లో పనిచేసే కదిరి జమీలా.

“నెల దినాలు చూస్తాదంటమ్మా. గోడ పెచ్చు లేచినా, మద్దేనం నిద్ర చెడినా తీసేయాలంట.”

పందిరి వెలిసింది. వారానికోసారి మంచినీళ్ళతో ఉప్పూ దుమ్మూ కడగాలి, తడిగా ఉండగా చుట్టకూడదు, పైన బరువు పెట్టకూడదు అని షఫీ మూడుసార్లు చెప్పాడు. వేదవతి మూడుసార్లూ బుద్ధిగా తలూపింది.

ఆవిడ బుద్ధిమంతురాలే. కాకపోతే బరువంటే ఆవిడ లెక్కలో పూలకుండీ, బిందె, పచ్చడి జాడీ. వడియాలు ఎక్కడైనా బరువవుతాయా? మార్చి నెల ఎండ ఫెళ్ళున కాస్తోంది. మిద్దె మీద ట్యాంకులూ ఏసీ పెట్టెలూ పోను కాలు పెట్టే జాగా లేదు. కింద పరిస్తే పిల్లులు. ఎదురుగా పరుపులా చదునుగా, శుభ్రంగా, ఎండకే పుట్టినట్టు గుడ్డ! ఎన్నాళ్ళని మనసును ఆపుకుంటుంది? నెల గడువుకు ఇంకా నాలుగు రోజులుండగా బూడిద గుమ్మడికాయ కోసింది, మినప్పిండి రుబ్బింది, మడత నిచ్చెనెక్కి పందిరి మీద పాత నూలుచీర పరిచి వడియాలు పెట్టేసింది.

రెండో రోజు పన్నెండు గంటలకు మల్లెతొట్టిలో ఆకులు ఒకవైపుకే వంగాయి. గాలిచక్రం గిర్రున తిరిగింది. వేదవతి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి పందిరి తన పని తాను చేసుకుపోతోంది, చీరనూ వడియాలనూ కలిపి చుట్టేసుకుంటూ. సగం దూరం వెళ్ళి మోటారు మూలిగింది. ఇంకోసారి మూలిగి ఊరుకుంది.

మిగిలిన సగం గుడ్డ గాలికి ఉబ్బి గోడను లాగుతోంది. వేదవతి పందిరి కిందికి ఉరికింది. చేత్తో తిప్పే పిడి ఉందని గుర్తొచ్చి, కొక్కెం తగిలించి వెనక్కి తిప్పింది. చీర కొంగు అందగానే బలంగా లాగింది. సగమెండిన వడియాలు అక్షింతల్లా ఎగిరి ఎక్కడెక్కడో పడ్డాయి. మళ్ళీ ముందుకు తిప్పి తిప్పి, చేతులు పడిపోతుండగా గుడ్డంతా చుట్టేసింది. చీర తీసుకెళ్ళి వాషింగ్ మెషిన్‌లో కుక్కింది.

గంటలో అందరూ గచ్చు మీద చేరారు. ఫోనందుకున్న మూర్తి, ఆయన రప్పించిన షఫీ, మూలుగు విని వచ్చిన మామా, వెనకే జమీలా.

“నేనప్పుడే చెప్పానోయ్, నిలబడేది కావాలని! నెల తిరక్కుండా నీ మోటారు చచ్చింది. మీ కంపెనీకి కంప్లెయింట్ రాస్తున్నాను,” అన్నాడు మూర్తి.

మామా ఏదో అంది. జమీలా అందుకుంది. “మిషిన్ తప్పయితే మిషిన్ మార్చుకోండి, పందిరి ఉండనీ అంటాంది. ఇంట్లోవాళ్ళ తప్పయితే కుదరదు, తీసేయాలంట.”

వేదవతి షఫీ వైపు చూసింది. అతను నిచ్చెన మీద మోటారు మూత తీసి, తను ఏ మర తప్పు బిగించాడో అర్థంకాక చెమటలు కక్కుతున్నాడు. ఊరుకుంటే పందిరి దక్కుతుంది, కుర్చీ దక్కుతుంది, కాఫీ దక్కుతుంది. ఆ కాఫీ ఇంక గొంతు దిగదని ఆవిడకు అప్పుడే తెలిసిపోయింది.

“మోటారుది కాదండీ, షఫీదీ కాదు. నాది తప్పు,” అంది గబగబా, మళ్ళీ ధైర్యం చాలదేమోనని. “పందిరి మీద వడియాలు పెట్టాను.”

మూర్తి ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. షఫీ నిచ్చెన మీదే చతికిలబడ్డాడు. “వడియాలా అమ్మా!”

జమీలా అరబ్బీలో చెప్పబోయింది గానీ నవ్వు ఆపుకోలేకపోయింది. “మామాకు ఎరికేనమ్మా. మేడ కిటికీలోంచి అంతా చూసింది. మా వాకిట్లో పడినవన్నీ నేనే ఏరినా, తట్ట నిండింది.”

మామా నవ్వలేదు. వేదవతి దగ్గరికి వచ్చి, పిడి తిప్పి తిప్పి ఎర్రబడ్డ ఆవిడ అరచేతులు తిప్పి చూసింది. నెమ్మదిగా నాలుగు మాటలంది.

“పందిరి ఉండనీ అంటాంది,” అంది జమీలా, ఈసారి నవ్వకుండా. “ఈ ఇల్లు కట్టి ముప్పై ఏండ్లంట. సాయంత్రంపూట ఈ పక్క కూర్చోవాలని మామాకూ ఉండేదంట. ఎండకు ఒక్కనాడూ కుదర్లేదంట. గాలి తగ్గినాక పిలువు అంటాంది.”

వేదవతికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మామా చేతులు వదలకుండా అలాగే పట్టుకుంది.

గాలి తగ్గడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు, షఫీ బాగుచేసిన పందిరి తెరుచుకున్న చప్పుడు విని, ఎవరూ పిలవకముందే, మామా తన కుర్చీ తనే మోసుకుంటూ వచ్చింది.