తొమ్మిదొద్దుల పిల్ల

"అక్షరాలు ముత్యాల లెక్క ఉండాలె పద్మా. ఆఫీసుల చూసినోడు చూడంగనే సంతకం పెట్టాలె" అంటూ రమాకాంత్ అరవై మూడు కాగితాల కట్ట తెచ్చి, ఉల్లిపాయ పొట్టు పక్కకు జరిపి, వంటింటి గట్టు మీద పెట్టి వెళ్లాడు. కుక్కర్ రెండో విజిల్ వేసింది. ఈ ఇంట్లో లోపలి ఆవిరి బయటికి వదిలే హక్కున్నది దానికొక్కదానికే అనుకుంది పద్మలత.

బజార్లో దుకాణం నడిపే రమాకాంత్ కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శి. ఆ మాటను ఆమె ఎప్పుడో రెండుగా విరిచి పెట్టుకుంది: కార్యం తనది, దర్శనం ఆయనది. మీటింగు ఉందంటే ఇరవై రెండు కప్పుల చాయ్. ఒకరికి చక్కెర తక్కువ, ఇంకొకరికి చక్కెరే వద్దు, వంటింటికీ ముందు గదికీ మధ్య ఆమెకు మాత్రం చక్కర్లే చక్కర్లు. అందరూ వెళ్లాక మినిట్స్ రాయాలి. పేరుకు మినిట్స్, రాయడానికి గంటలు. రాసిందంతా ఆమె, కింద సంతకం ఆయన. ఇరవై ఏళ్లలో ఒక్క తీర్మానంలోనూ పద్మలత అనే పేరు లేదు. కాకపోతే ప్రతిదాని చివరా 'తేనీటి విందుతో సభ ముగిసినది' అని ఉంటుంది. అంటే కాలనీ చరిత్రలోకి తను ద్రవరూపంలో ప్రవేశించిందన్నమాట. ఇలాంటివి తనలో తను అనుకుని నవ్వుకునేది. జోకు వేసేదీ తనే, వినేదీ తనే, నవ్వేదీ తనే. కొడుకు ఉదయ్ హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక ఎప్పుడైనా వినే ఒక్క శ్రోత కూడా ఫోనుకు ఎక్కిపోయాడు.

ఈసారి కాగితాలు బొందలగడ్డవి. కాలనీకి ఆనుకొని, కొత్తవాడ వెళ్లే తొవ్వలో రెండెకరాల పాత శ్మశానం అది. ఊరవతల వైకుంఠధామం కట్టాక శవాలన్నీ అటు బదిలీ అయ్యాయి. చెట్లు మాత్రం బదిలీకి ఒప్పుకోలేదు. వేపలు, చింతలు, కానుగలు కలిపి నలభై ఒకటి. ఇప్పుడు వాటి మొదళ్ల మీద ఎర్రరంగుతో నంబర్లు పడ్డాయి. శ్మశానం చూస్తే ఎవరికైనా వైరాగ్యం కలుగుతుందంటారు గానీ, సంఘం పెద్దలకు అనురాగం కలిగింది. ఎందుకు కలగదు, గజం ధర ఏనుగెక్కి కూర్చున్నాక! చెట్లు కొట్టి, చదును చేసి, ఫంక్షన్ హాలు కట్టాలి, ముందు పార్కింగు.

"సచ్చినోళ్లకు రెండెకరాలు, బతికినోళ్లకు బండి పెట్ట జాగ లేదు. ఇదేం న్యాయం?" అని అధ్యక్షుడు రాజేశ్వర్ రావు అంటే సగం మంది చప్పట్లు కొట్టారు. దర్రీలు నేసే నర్సయ్య లేచి, "మా నాయిన, మా తాత ఆడనే ఉన్నరు సార్. ఆళ్ల నెత్తి మీద లగ్గం చేసి బువ్వలు పెడ్తరా? ఆ చెట్లు పోతే ఎండకాలం మా వాడోళ్లు యాడ కూసోవాలె?" అంటే మిగతా సగం మంది కొట్టారు. ఒకరు పాములన్నారు, ఒకరు తాగుబోతులన్నారు, ఒకరు దయ్యపు గాలి అన్నారు. నెల రోజులు గొడవ. చివరికి మున్సిపల్ ఆఫీసు ఒక దారి చూపింది. ప్రతి ఇంటివాళ్లూ అక్కడ తమవాళ్లు ఎవరున్నారో, ఎక్కడున్నారో, ఎవరూ లేకపోతే అదే రాసి, అభ్యంతరం లేదని ఆలుమగలిద్దరూ సంతకం పెట్టాలి. చూపించిన బొందను మర్యాదగా తవ్వి వైకుంఠధామానికి మారుస్తారు. అందరూ పెడితేనే చెట్ల మీద గొడ్డలి. నర్సయ్య కూడా మొన్న, వాళ్ల నాయన రాయి ఎక్కడుందో చూపించి, తల వంచుకుని వేలిముద్ర వేశాడు.

అన్నం తింటూ రమాకాంత్ అన్నాడు: "మనది లాస్ట్‌ల రాయి. 'ఎవరూ లేరు' అని రాస్తె అయిపాయె."

"ఎవరూ లేరా?"

"ఎవరున్నరు? నాయినను దహనం చేసినం. అమ్మను గంతే."

"పాప?"

పప్పన్నం కలుపుతున్న చెయ్యి ఆగలేదు. "తొమ్మిదొద్దుల పిల్ల. పేరు సుత పెట్టకపోతిమి. పేరు కాడ ఏం రాస్తవ్, నీ బొంద!"

ఆ ఇంట్లో ఆ మాట ఉప్పులాంటిది, అన్నిట్లో పడేది. తను కూరగాయల బేరం చెప్పినా, డిగ్రీ చదివాను టీచరు పోస్టుకు రాస్తానన్నా, నడుము నొస్తోందన్నా 'నీ బొంద'. ఇన్నేళ్లూ అది చెవిదాకా వచ్చి జారిపోయేది. ఇవాళ చెవి దాటింది.

ఇరవై ఏడేళ్ల కిందట, రోహిణి కార్తె ఎండల్లో పుట్టింది పాప. తొమ్మిదో రోజు పొద్దున దవాఖానలో పోయింది. ఎందుకు పోయిందో డాక్టరు రమాకాంత్‌కు చెప్పాడు, రమాకాంత్ తల్లికి చెప్పాడు, ఆ మాట పద్మలత మంచందాకా మాత్రం రాలేదు. "పురుడన్న ఎల్లలే, గా పిల్లకు ఇంత ఏడ్పేందే? మళ్ల కంటవ్ తియ్యి" అంది అత్త భద్రమ్మ. పాలు ఎండిపోవాలని రొమ్ముల మీద మల్లెపూలు పరిచి గుడ్డతో బిగించి కట్టింది. మల్లెపూలు ఆడదానికి ఎందుకు కడతారో అప్పటిదాకా పద్మలతకు ఒక్క కారణమే తెలుసు. మధ్యాహ్నం రమాకాంత్ వచ్చి, వాకిట్లోనే నెత్తి మీద నీళ్లు పోసుకుని, లోపలికొచ్చి తినడానికేముందని అడిగాడు. ఎక్కడ పెట్టారు అని ఆమె అడిగింది. ఆయన చెప్పలేదు. నెల గడిచాక మేడ మీద బట్టలు ఆరేస్తూ మళ్లీ అడిగింది. మూడోసారి, నాలుగోసారి అడిగింది. ఐదోసారి ఆయన విసుగ్గా చెయ్యి చాపాడు: "అగో, ఆ పెద్ద కానుగ కింద. సాలా? ఇగ ఒర్రకు." "ఆడోళ్లు బొందలగడ్డకు పోరాదు, కడుపు నిలవది" అని మెట్ల మీద నుంచి అత్త.

కడుపు నిలిచింది, ఉదయ్ పుట్టాడు. అత్త పోయి ఆరేళ్లయింది. ఆమె మాట మాత్రం ఇంట్లోనే కాపురం ఉంది. పద్మలత ఎన్నడూ ఆ గేటు దాటలేదు. బట్టలు ఆరేసే పని మాత్రం ఇంకెవరికీ ఇవ్వలేదు. పనిమనిషి పెట్టుకొమ్మని ఉదయ్ పోరినా, అంట్లు ఇచ్చింది, బండలు తుడవడం ఇచ్చింది, తడిబట్టల బకెట్ ఇవ్వలేదు. ఒక్కో చీర దులిపి తీగ మీద వేస్తూ కానుగ వైపు చూసేది. అది ఆకంతా రాల్చి బోసిగా నిలబడితే, పిల్లకు జ్వరమొచ్చిందేమో అన్నట్టు రెండు పూటలా ఎక్కేది. ఉగాది ముందు లేత చిగుళ్లతో తళతళలాడితే కొత్త గౌను తొడిగినట్టుండేది. ఒక ఏడు విరగబూసింది. అప్పుడు లెక్క చూసుకుంటే పాపకు పదమూడో ఏడు. ఆ రోజు కాస్త బెల్లం నోట్లో వేసుకుంది, ఏమిటి విశేషమని అడిగేవాళ్లు లేక విశేషం విశేషంగానే మిగిలిపోయింది.

కాగితం మీద 'ఎవరూ లేరు' అని రాయలేదు. ఖాళీగా ఉంచింది. రమాకాంత్ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు స్కూటర్ దిగుతూనే నవ్వు మొహంతో వచ్చాడు.

"రాజేశ్వర్ రావుతోని మాట్లాడిన. ఆ కానుగ ఒక్కటి కొట్టం. సుట్టూర గద్దె కట్టిస్తం, టైల్స్ ఏస్తం. పార్కింగుకు నీడ సుత అయితది. ఇగ ఖుషీయేనా? సంతకం పెట్టు."

నిజంగానే ఖుషీ అయింది. నలభై ఒక్క మంది పిల్లల్లో తన పిల్లను ఒక్కదాన్ని ప్రాణాలతో వదిలేశామంటే తల్లికి కలిగే సిగ్గుమాలిన సంతోషం అది. సిగ్గుమాలిందని తెలుస్తూనే ఉంది, ఐనా ఆగలేదు. ఆదివారం మీటింగులో అందరి ముందు సంతకం పెడతానంది. ఇరవై ఎనిమిదేళ్ల సంసారంలో తను అడిగింది దొరకడం ఇదే మొదలు. అది కూడా ఒక చెట్టు.

శనివారం మధ్యాహ్నం ఆయన దుకాణంలో ఉండగా, గ్లాసెడు పాలు కొంగు కింద పెట్టుకుని వెళ్లింది. ఇంటి నుంచి గేటుకు నాలుగు వందల అడుగులు కూడా లేవు. లోపల ఎండుటాకులు, అక్కడక్కడా ఒరిగిన రాళ్లు. కానుగ మీద పదిహేడో నంబరు. దూరం నుంచి ఇన్నేళ్లు చూసిన దాని బెరడు మీద చెయ్యి పెట్టింది. గరుగ్గా ఉంది. చెట్టు మొదలు దగ్గర పాలు పోసింది.

"ఎవలకు పోస్తానవ్ బిడ్డా?"

రాలిన కానుగ కాయలు సంచిలో ఏరుకుంటున్న ముసలామె కట్టమ్మ. ఆమె పెనిమిటి మొగిలయ్య బతికున్నన్నాళ్లూ ఇక్కడ బొందలు తవ్వినవాడు.

"నా బిడ్డకు అవ్వా. దీని కిందనే ఉన్నది."

కట్టమ్మ నడుము పట్టుకుని నిలబడింది. "ఎవలు చెప్పిన్రు?"

"మా ఆయన."

"ఎంత పిల్ల?"

"తొమ్మిదొద్దులు."

ముసలామె పైకి లేచిన వేరును కాలితో తట్టింది. "చెట్టు కింద పెట్టరు బిడ్డా. వేర్లుంటయి. గడ్డపార దిగది. మా ముసలోడు పసిపోరగాళ్లను ఎన్నడు చెట్టు కిందికి తేలే. యాడ మన్ను మెత్తగుంటె ఆడ తొవ్వి, ఉప్పు పోసి పెట్టి, కుక్కలు రాకుండ తుమ్మకంప ఏస్తుండె. గుర్తు సుత పెట్టకపోతుండె. గుర్తుంటె తల్లి పానం గుంజుతది, వస్తనే ఉంటది అని."

"మరి మా ఆయన చూసుంటడు గద..."

"మగోళ్లు లోపటికి యాడ వస్తుండె బిడ్డా? పసిపిల్ల అంటె గేటు కాడ్నే చేతులల్ల పెట్టి పోతుండె. పాపం, ఆళ్లకు సుత చూడబుద్ది కాదు గద. ముసలోనికే ఎరుక యాడ పెట్టిండో. ఆడు పోయి పదకొండేండ్లాయె."

కట్టమ్మ పాపం అంది కాబట్టి పద్మలత కూడా ఒక నిమిషం ఆయనను పాపం అనుకోవడానికి ప్రయత్నించింది. ఇరవై ఆరేళ్ల వాడు, చేతుల్లో గుడ్డమూట, గేటు. సరే. భయపడ్డాడు, పారిపోయాడు. ఇంటికొచ్చి చూడలేకపోయానని చెబితే ఇద్దరూ కూర్చుని ఏడ్చేవారు. ఆ ఒక్క ఏడుపుతో వాళ్లు మొగుడూపెళ్లాలు అయ్యుండేవారు కూడా. చెప్పకుండా ఆమె నోరు మూయించడానికి కంటికి కనిపించిన పెద్ద చెట్టును చూపించాడు. ఆమె ఇరవై ఏడేళ్లు దాన్ని పెంచింది. జ్వరాలు చూసింది, గౌన్లు తొడిగింది, బెల్లం తింది. తల్లితనమంతా గురి తప్పకుండా విసిరింది, గురే తప్పు. చుట్టూ రెండెకరాలు. ఎటు చూడాలో కళ్లకు తెలియలేదు.

ఆదివారం పొద్దున పదిన్నరకు మీటింగు. సంఘం గదిలో ఇరవై ఇద్దరికి కుర్చీలు. గోడవారగా చాయ్ ఫ్లాస్కులతో పద్మలత. కార్యదర్శి భార్య కాబట్టి కాగితాలు చదివి వినిపించే గౌరవం కూడా ఆమెదే. అరవై రెండు ఇళ్లు చదివింది.

రమాకాంత్ లేచి గొంతు సవరించుకున్నాడు. "అరవై మూడోది మాదే. మా పాప ఆ కానుగ కింద ఉన్నది. ఆమె మీది ప్రేమతోని ఆ ఒక్క చెట్టు వదిలిపెడ్తాన్నం. మా ఇంటామె ఇప్పుడు సంతకం పెడ్తది." చప్పట్లు. మొన్నటిదాకా ఎవరూ లేని చోట ఇవాళ పాప ఉంది, పైగా ప్రేమ కూడా ఉంది.

పద్మలత కాగితం బల్ల మీద పెట్టింది. అందులో సంతకం లేదు. ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో ఒకే వాక్యం ఉంది: 'నాకు అభ్యంతరం ఉంది.'

"ఆ చెట్టు మీకు అడ్డమైతె కొట్టుకోండ్రి" అంది. "నా బిడ్డ దాని కింద లేదు."

"ఏందమ్మా?" అన్నాడు రాజేశ్వర్ రావు. "మరి యాడున్నది? చూపియ్యి. మర్యాదగ తీసి వైకుంఠధామంల పెడ్తం. గంతే గదా."

"నాకు తెల్వదు. ఈయనకు సుత తెల్వదు. గేటు కాడ ఇచ్చొచ్చిండు."

రమాకాంత్ మొహం మీదికి రక్తం ఎగబాకింది. "ఇంట్ల మాట్లాడుకుందాం, కూసో" అన్నాడు పళ్ల మధ్య నుంచి.

"ఇంట్లనే అయిదుసార్లు అడిగిన" అంది ఆమె. తర్వాత రాజేశ్వర్ రావు వైపు తిరిగింది. "తొవ్వినాయన సచ్చిపోయిండు సార్. యాడున్నదో చెప్పేటోళ్లు ఎవలు లేరు. గందుకే మీరు యాడ గడ్డపార ఏసినా, అది నా బిడ్డ మీద ఏసినట్టే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నర్సయ్య తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, చూపు దించుకున్నారు. సంతకం లేని కాగితాన్ని రాజేశ్వర్ రావు అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఆఫీసుకు పోయేది కాదని గొణిగి, సభ వాయిదా వేశాడు. కుర్చీలు జరిగాయి. చాయ్ ఎవరూ తాగలేదు. బయట రమాకాంత్ స్కూటర్ స్టార్టయింది. వెనక సీటు ఖాళీగానే వెళ్లిపోయింది.

పద్మలత ఫ్లాస్కుల మూతలు బిగించి గోడవారకు పెట్టి, అక్కడే వదిలేసి బయటికి నడిచింది. ఎండ నడినెత్తికి వస్తోంది. ఇంటి మలుపు దగ్గర ఆగకుండా ముందుకే పోయింది. బొందలగడ్డ గేటు తోసి, ఒక అడుగు లోపలికి వేయబోయి ఆగింది. పాదం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. వంగి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, కాలుతున్న మట్టి మీద, ఎవరినో లేపకూడదన్నట్టు, మెల్లగా నడవడం మొదలుపెట్టింది.