వాలంటీర్ ఉన్నారు

బడి ముందు ఆటో ఆగింది. అందులోంచి దిగిన పొడుగాటి తెల్లావిడ చేతులు జోడించి, కూడబలుక్కుంటూ నేర్చుకొచ్చిన తెలుగులో, "నమస్తే. నేను మీ కొత్త వాలంటీర్," అంది.

బోర్డు మీద రాస్తున్న బానోతు గీత వెనక్కి తిరిగింది. చేతిలో సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

కొత్త వాలంటీర్ ఏమిటి? జామకుంట తండా బడికి వాలంటీర్ అంటే గీతే కదా. ఆరేళ్లుగా తండా మొత్తానికి ఆమె వాలంటీరమ్మ. ఆ మాటకు ఇంగ్లీషు వాళ్లు ఏ అర్థం చెప్పుకుంటారో గానీ, కురవి చుట్టుపక్కల మాత్రం దాని అర్థం ఒక్కటే. పర్మినెంటు కాని పంతులమ్మ. ఎండాకాలం సెలవులతో ఉద్యోగం ఊడిపోతుంది, జూన్‌లో పై ఆఫీసు పేరు రాసుకుంటే మళ్లీ వస్తుంది. రాసుకోకపోతే ఇక అంతే సంగతులు.

ఈసారి జూన్ సగమైనా పిలుపు లేదు. అయినా అలవాటు కొద్దీ గీత రోజూ బడికొస్తూనే ఉంది. భర్త భీమ్లా భూపాలపల్లిలో బొగ్గు లారీల దగ్గర పని చేస్తాడు. "ఈ నెలల ఆర్డర్ రాకుంటే ఇంటికి తాళమేసి ఈడికే రా," అని ఫోన్‌లో తేల్చి చెప్పాడు. తండా విడిచిపోవడమంటే గీతకు ప్రాణం మీదికొచ్చినట్టుంది. బడిలో ముప్పై ఒక్క మంది పిల్లలు. ఇంట్లో మాట్లాడేది లంబాడీ, పుస్తకంలో ఉండేది తెలుగు. హెడ్‌మాస్టర్ ఐలయ్య సారు మంచివాడే, కానీ జనగామ మనిషి. పిల్లాడు కడుపు పట్టుకుని ఏడిస్తే ఆకలో నొప్పో ఆయనకు తెలియదు. అన్నిటికీ గీతనే పిలవాలి.

ఐలయ్య సారు కుర్చీ తెచ్చి వేశాడు. ఆవిడ పేరు అడిగాడు. ఆవిడ చెప్పింది. ఆయన మళ్లీ అడిగాడు. మరియా పలోమా ఎచెవెర్రియా గుటియెర్రెజ్. మూడోసారి అడగడానికి మొహమాటపడి ఊరుకున్నాడు. చిలీ దేశమట. పిల్లలు అది చిలుకల దేశమని అప్పటికప్పుడే తేల్చేశారు.

ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంటే సారు గీతకు తెలుగులో చెప్పాడు. భర్తకు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఈవిడకున్న వీసా మీద జీతానికి పని చేయకూడదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఏదైనా సేవ చేద్దామని ఎనిమిది నెలలు ఆ మహానగరమంతా కాళ్లరిగేలా తిరిగింది. ఒక ఆశ్రమం వాళ్లు పక్కన నిలబెట్టి ఫొటోలు దిగి పంపించేశారు. ఇంకోచోట సేవ చేయాలంటే ముందు ఫీజు కట్టమన్నారు. మరోచోట భాష రాదు కదా, పొమ్మన్నారు. ఆఖరికి, నగరంలో ఉండే విదేశీయులకు ఇలాంటి అవకాశాలు చూపే వెబ్‌సైట్‌లో ఈ బడి పేరు కనిపించింది.

"మన బడి పేరా? ఎవరు పెట్టిన్రు?" అన్నాడు సారు.

పలోమా సంచిలోంచి మడతలు పడ్డ కాగితం తీసింది. ఇది చదివి ఆ రాత్రి ఏడ్చానని చెప్పింది. సారు కళ్లజోడు సర్దుకుని, అందులోని ఇంగ్లీషును తెలుగు చేసి చదివాడు.

"ఏ పిల్లగాడు ఏ ఇంట్ల ఉంటడో ఎరుకైన వాలంటీర్ కావాలె. లంబాడీ రావాలె. బడికి రాని పిల్లలను పొద్దుగాల్నే పోయి లేపుకొని రావాలె. జల్ది ఇయ్యున్రి. వాలంటీర్ లేకుంటే పిల్లలు మళ్ల పత్తి చేన్లకు పోతరు."

గీత దగ్గరికి జరిగి ఆ కాగితంలోకి తొంగిచూసింది. ఆ మాటలు ఆమెవే.

మే నెలలో కురవిలో సంతోష్ నెట్ సెంటర్‌కు వెళ్లింది. "తమ్మీ, వాలంటీర్ రెన్యువల్ ఫారం ఎక్కడన్న ఉన్నదేమో చూడు," అంది. సంతోష్ అదీ ఇదీ నొక్కి, "దొరికింది అక్కా. ఎసుంటి వాలంటీర్ కావాలె అని అడుగుతున్నరు," అన్నాడు. గీత తన గురించే చెప్పుకుంది. తానేం చేస్తుందో అదంతా చెప్పింది. వాడు ఇంగ్లీషులోకి మార్చి టకటకా కొట్టాడు. రసీదు కూడా ఇచ్చాడు. ఆ రసీదు ఇప్పటికీ బియ్యం డబ్బాలో భద్రంగా ఉంది.

తన చోటుకు మనిషిని పంపమని తానే బతిమాలుకుంది. ఇంతకన్నా దరిద్రం ఎవరికైనా ఉంటుందా? ఆ మాట సారుకు కూడా చెప్పకుండా గీత పిల్లల దగ్గరికి వెళ్లిపోయింది.

వారం గడిచింది. గీత ఆవిడతో ముభావంగానే ఉంది. ఆవిడ మాత్రం బడిలోనే పడుకుని, పొద్దున్నే ఊడ్చేది, పిల్లల ముక్కులు తుడిచేది, నేల మీద కూర్చుని వాళ్లతోపాటు అ ఆలు దిద్దేది. పిల్లలు ఆవిడ పేరు పట్టుకుని వదల్లేదు. పలకల మీద, గోడ మీద, వానకు తడిసిన మట్టిలో పుల్లతో, తెలుగులో ఆ మైలు పొడుగు పేరంతా తప్పు లేకుండా రాయడం పందెంగా పెట్టుకున్నారు. గీతకు అది చూస్తే కడుపు మండిపోయేది. ఆరేళ్లలో తన పేరు రాసిన పిల్ల ఒక్కతీ లేదు మరి.

శనివారం గీత మహబూబాబాద్ వెళ్లి, ఆ పై ఆఫీసులో తన ఆర్డర్ గురించి అడిగింది. గుమాస్తా ప్రేమ్‌చంద్ జాబితా చూశాడు.

"మీ బడికి వాలంటీర్ ఉన్నరని మీ సారు రాసి పంపిండు గదమ్మా. ఉన్నంక ఇంకొకరెందుకు?"

"ఆమె ఫారినామె, సార్. ఊరికే వచ్చింది."

"ఊరికే చేసెటోల్లుంటే ఇంక మంచిదే," అన్నాడతను.

గీత బస్సులో ఎలా కూర్చుందో, తండాలో ఎలా దిగిందో ఆమెకే తెలియదు. ఇంట్లో బియ్యం డబ్బాలోని రసీదు తీసుకుని తిన్నగా బడికి వెళ్లింది. పలోమా సారుతో కలిసి పుస్తకాలకు అట్టలు వేస్తోంది. గీత రసీదు ఇద్దరి ముందూ పెట్టింది.

"రాసింది నేనే సార్. నా కొలువుకే అనుకొని రాసిన. ఆమెకు చెప్పున్రి. నా కొలువు పోయింది, ఇల్లు సర్దుకుంటున్న."

సారు చెప్పాడు. పలోమా వాలంటీర్‌కు జీతమేమిటని అడిగింది. ఆవిడ దేశంలో వాలంటీర్ అంటే జీతం లేకుండా ఇష్టపడి చేసే మనిషి. ఇక్కడ అది పొట్టకూడు అని తెలిసేసరికి, చేతిలోని అట్ట కింద పెట్టేసింది.

"ఇంకొకరి అన్నం నేను తింటున్నానా?" అని మాత్రం అడిగింది. సారు ఆ మాట తెలుగులో చెప్పలేకపోయాడు. గీతకు అర్థమైంది.

సోమవారం ఇద్దరూ కలిసి ఆఫీసుకు వెళ్లారు. వద్దన్నా పలోమా వినలేదు. ప్రేమ్‌చంద్ ఇద్దరినీ ఎగాదిగా చూసి, విసుక్కుంటూ జాబితా మళ్లీ తెరిచాడు.

"చూడున్రి. జామకుంట తండా. వాలంటీర్, ఉన్నారు. పేరు..."

అక్కడ ఆగిపోయాడు. పేరు గడి ఖాళీగా ఉంది. బడి లెక్క పంపేటప్పుడు పలోమా పేరు ఎలా రాయాలో తెలియక, తర్వాత అడిగి రాద్దామని ఐలయ్య సారు వదిలేశాడు.

పలోమా ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టింది. "గీత. బానోతు గీత. రాయండి," అంది.

ప్రేమ్‌చంద్ కలం తీసి, "మరి మీరెవరు?" అన్నాడు.

పలోమా కాస్త వెతుక్కుంది. పిల్లలు నేర్పిన మాట దొరికింది. "చుట్టం," అంది.

అతను పేరు రాశాడు. రాసి గీతతో మెల్లగా అన్నాడు. "అక్కా, ఆర్డర్ వచ్చెదాంక ఈమె మీ బడిల కనపడొద్దు. ఇద్దరెందుకని నీ పేరు కొట్టేస్తరు."

ఆ మాటను గీత విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. పలోమాకు అప్పటికే అర్థమైపోయింది. స్టేషన్‌లో సికింద్రాబాద్ రైలు ఎక్కేటప్పుడు ఆవిడ కళ్లు నిండి ఉన్నాయి. ఎనిమిది నెలలు వెతికి దొరకబుచ్చుకున్న చోటును వారంలో వదిలేసి పోతోంది. ఆ వారమంతా ఆవిడకు మంచినీళ్లయినా ఇచ్చానా అని గీత గుర్తు తెచ్చుకోబోయింది. ఇవ్వలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. రైలు వెళ్లాక ప్లాట్‌ఫాం మీద కూలబడి ఏడ్చింది.

ఆర్డర్ కాగితం చేతికొచ్చిన రోజే గీత కురవి వెళ్లింది. సంతోష్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. సంగతి వాడి దాకా వచ్చింది.

"నీ కాల్మొక్త అక్కా, నాకెరుక లేకుంట అయింది."

"గదే ఫారం మల్ల తెరువు," అంది గీత.

వాడు బిత్తరపోయి తెరిచాడు. "ఎసుంటి వాలంటీర్ కావాలె అని అడుగుతున్నది."

"వాలంటీర్ అని రాయకు. వాలంటీర్ ఉన్నది. చుట్టం కావాలె అని రాయి. లంబాడీ రాకున్నా మంచిదే, మేం నేర్పుతం. తినుడు, పండుడు మా ఇంట్లనే."

"చుట్టం పేరేం రాయాలె?"

గీత ఆ మైలు పొడుగు పేరు చెప్పింది. సంతోష్ రెండుసార్లు కొట్టి చెరిపి, ఇక నావల్ల కాదన్నట్టు తలెత్తాడు.

"ఇటియ్యి," అంది గీత, కాగితం లాక్కుని రాస్తూ. "మా బళ్లె ముప్పై ఒక్క మందికి ఈ పేరు చూడకుంట రాసుడొస్తది. గది గూడ రాయి."