బారాణా వడ్డీ

నా లెక్క తప్పిందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంత జరిగాక కూడా మండుతూనే ఉంది, అదే నా గుణం. పదకొండేళ్లుగా మా వాడకట్టు బచత్ గట్, అంటే పొదుపు సంఘం, పుస్తకం నా చేతిలో ఉంది. మహారాష్ట్ర అంచున ఉన్న ధర్మాబాద్ మిర్చి గోదాముల్లో తొడిమలు తీసే పద్నాలుగు మంది ఆడవాళ్లం నెలనెలా కొంత దాచుకుని, అందులోంచే ఒకరికొకరం అప్పిచ్చుకుంటాం. ఇన్నేళ్లలో ఒక్క రూపాయి అటూ ఇటూ కాలేదు. మా ఆయన శివన్నకు నా లెక్క మీద ఎంత గురి అంటే, కిరాణా కొట్టువాడు చిల్లర సరిగ్గా ఇచ్చాడో లేదో ఇంటికొచ్చి నన్నే అడుగుతాడు.

మా గట్‌లో వందకు నెలకు రూపాయి వడ్డీ. ప్రతి పదో తారీఖున చాప పరిచి కూర్చుంటాం. అప్పు తీసుకున్నామె డబ్బు చాప మీద పెట్టి, ఇంకా ఎంత మిగిలిందో గట్టిగా చెప్పాలి. మిగతావాళ్లం ఆ అంకెను తిరిగి పలకాలి. వచ్చే నెల వడ్డీ ఆ పలికిన అంకె మీదే. చదువు రానివాళ్ల కోసం పెట్టుకున్న పద్ధతి అది. మధ్యలో ఎప్పుడు డబ్బు చేతికొచ్చి మొత్తం కట్టేసినా ఆ రోజుతో వడ్డీ ఆగిపోతుంది, కట్టినామె అందరికీ చక్కెర పంచుతుంది. లోకంలో అప్పంటే ఇలాగే ఉంటుందని నేను అనుకున్నాను.

శివన్న ఇరవై రెండేళ్లు ఇతరుల జీపులు తోలాడు. సొంత బండి ఉంటే నాందేడ్ ఆసుపత్రులకు రోగులను, బాసరకు అక్షరాభ్యాసాల వాళ్లను తిప్పుకోవచ్చని అతని ఆశ. నా మెడలోని బంగారు గుండ్ల పేరు అమ్మి, గట్‌లో ఇరవై వేలు తీసుకుని, మొత్తం లక్షా యాభై వేలు పోగు చేశాం. నాందేడ్‌లో ఒక షోరూంకు వెళ్లాం. అక్కడ మాకు సూర్యకాంత్ దొరికాడు. మెడలో టై, నోట్లో మా ధర్మాబాద్ తెలుగు. మనవాడే అని ప్రాణం లేచి వచ్చింది. అసలు గొడవంతా ఆ టై కంటే ఆ తెలుగుతోనే వచ్చింది.

"అక్కా, బండి అంత కలిపి ఏడు లక్షల పదివేలు. మీ లక్షన్నర పోతె ఐదు లక్షల అరవై. బ్యాంకు చుట్టు తిరుగుడు ఎందుకు? మా పై అంతస్తులనె ఫైనాన్స్ ఆఫీసుంది. పొద్దుమూకె వరకు బండి చావి మీ చేతుల పెడ్త" అన్నాడు.

"వందకు ఎంత పడ్తది?" అని నేను అడిగాను. శివన్న నావైపు గర్వంగా చూశాడు. ఆ ఒక్క ప్రశ్న కోసమే నన్ను వెంట తెచ్చుకున్నాడు మరి.

"సాలుకు తొమ్మిది. అంటె నెలకు వందకు బారాణా."

బారాణా అంటే డెబ్బై ఐదు పైసలు. మా గట్ కంటే పావలా తక్కువ! నాకు నవ్వు ఆగలేదు. కాగితాల్లో అప్పు ఆరు లక్షలని ఉంది. నలభై వేలు ఎందుకు ఎక్కువైందని అడిగితే, లోన్ బీమా, వారంటీ, ఫైలు ఖర్చు అన్నాడు. "గవి లేకుంటె ఫైలు పాస్ కాదక్కా. నెలకు ఆరేడు వందలు, చాయ పైసలు" అన్నాడు. సరే అన్నాను. అయిదేళ్ల కిస్తీ నెలకు పద్నాలుగు వేల అయిదు వందలు అని చెప్పాడు.

అప్పుడు నేను నా సంచిలోంచి పెన్ను తీసి అతని బల్ల మీదే లెక్క కట్టాను. ఆరు లక్షలు, అరవై నెలలు, నెలకు అసలు పదివేలు. ఆరు లక్షలకు బారాణా చొప్పున వడ్డీ నాలుగు వేల అయిదు వందలు. రెండూ కలిపితే సరిగ్గా పద్నాలుగు వేల అయిదు వందలు. రూపాయి తేడా లేదు. సూర్యకాంత్ చేతులు జోడించి, "అక్కా, మీరు మా ఆఫీసుల ఉండాల్సినోళ్లు" అన్నాడు. నేను పొంగిపోయాను. మొదటి నెల సంగతి సరే, పదివేలు కట్టేశాక రెండో నెల వడ్డీ తగ్గాలి కదా, కిస్తీ అరవై నెలలూ ఒకటే ఎందుకుంది అని అడగాల్సింది. అడగలేదు. ఎక్కువగా పోయేదంతా అసలులోకి పోతుందిలే అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. ఇంగ్లీషు కాగితాల మీద ముప్పై రెండు చోట్ల సంతకం పెట్టించుకున్నారు.

తర్వాత ఇంట్లో కూడా గట్ పద్ధతే పెట్టాను. అయిదో తారీఖున కిస్తీ కట్ కాగానే నేను మిగిలిన అంకె చెప్పేదాన్ని. శివన్న అన్నం ముందు కూర్చుని తిరిగి పలికేవాడు. మొదటి నెల "ఐదు లక్షల తొంభై వేలు" అని అతను పలికినప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. బండి బాగానే నడిచింది. ఒక్క కిస్తీ తప్పలేదు.

ఏడాది దాటాక శివన్న ఎదురుగా వచ్చే బండ్ల దీపాలు చెదిరినట్టు కనబడుతున్నాయనడం మొదలుపెట్టాడు. షుగరు కంటి లోపలి పొరకు ఎక్కిందని నాందేడ్ డాక్టరు చెప్పాడు. కుడికంటి చూపు ఇక రాదు. ఎడమకంటికి నెలలోపు ఆపరేషన్ చేయకపోతే అదీ పోతుంది. ప్రభుత్వం ఇచ్చిన మా ఆరోగ్య కార్డు మీద ఆ ఆపరేషన్ కాదట, యాభై వేలు కట్టాలట. గట్‌లో నా పేరున తీసుకున్న ఇరవై వేలకు ఇంతవరకు వడ్డీ మాత్రమే కడుతున్నాను, అసలు అలాగే ఉంది. ఒకరికి అంతకు మించి ఇవ్వకూడదని రూలు రాసింది కూడా నేనే.

బండి అమ్మేద్దామని నేనే అన్నాను. నాయ్‌గావ్ రైతు కిషన్‌రావు నాలుగు లక్షల అరవై వేలకు ఒప్పుకున్నాడు. పద్దెనిమిది కిస్తీలు కట్టాం, నా పుస్తకం ప్రకారం మిగిలింది నాలుగు లక్షల ఎనిమిది వేలు. అప్పు తీర్చేస్తే చేతిలో యాభై రెండు వేలు. కన్నుకు యాభై, మందులకు రెండు. దేవుడు లెక్క చూసి పంపినట్టుంది అనుకున్నాను.

సోమవారం పొద్దున కిషన్‌రావు ధర్మాబాద్ వచ్చి, తనే బండి తోలుతూ మమ్మల్ని నాందేడ్ తీసుకొచ్చాడు. బ్యాంకులో డబ్బు సిద్ధంగా ఉంది. ఎంత కడితే అప్పు తీరుతుందో ఆఫీసువాళ్లు కాగితం ఇవ్వగానే అంత అక్కడ కట్టి, మిగిలింది మాకు ఇస్తానన్నాడు. నేను సంచిలో పావుకిలో చక్కెర కూడా తెచ్చుకున్నాను.

ఫైనాన్స్ ఆఫీసులో ప్రాజక్త అనే అమ్మాయి కూర్చుని ఉంది. మా పెద్ద కూతురి ఈడు ఉంటుంది. మరాఠీలోనే మాట్లాడింది, నన్ను తాయీ, అంటే అక్కా, అని పిలుస్తూ. కంప్యూటర్ చూసి, కాగితం ప్రింటు తీసి నా ముందు పెట్టింది. నాలుగు లక్షల తొంభై మూడు వేల ఆరు వందలు.

"ఇది ఎవరి లెక్కమ్మా? మాది నాలుగు లక్షల ఎనిమిది వేలు" అన్నాను మరాఠీలో, కొంచెం గొంతు పెంచే అన్నాను.

ఆ పిల్ల కోప్పడలేదు. నా పుస్తకం తీసుకుని ఓపికగా చూసింది. "తాయీ, మీ లెక్కలో తప్పు లేదు. కానీ మీకిచ్చింది మిగిలిన దాని మీద వడ్డీ కాదు, ఫ్లాట్ వడ్డీ. మొదటి రోజు తీసుకున్న ఆరు లక్షల మీదే అయిదేళ్లూ వడ్డీ నడుస్తుంది. మీరు ఎంత కట్టినా వడ్డీకి మాత్రం ఎప్పుడూ ఆరు లక్షలే" అంది. అలా మొత్తం వడ్డీ రెండు లక్షల డెబ్బై వేలట. అందులో ఎక్కువ భాగం ముందు నెలల్లోనే తీసేసుకుంటారట. మొదటి నెల మా అసలు తగ్గింది పదివేలు కాదు, ఆరు వేల ఆరువందల చిల్లర. "మిగిలిన దాని మీద తొమ్మిదైతే మీకు నెలకు పన్నెండున్నర వేలే పడేది. మీకు పడిన వడ్డీ నిజానికి ఏడాదికి పదిహేను శాతానికి పైనే" అంది.

అందువల్ల అసలు ఇంకా నాలుగు లక్షల అరవై ఆరు వేలు ఉంది. గడువుకు ముందే తీరుస్తున్నందుకు జరిమానా, దాని మీద పన్నూ కలిపి ఇరవై ఏడున్నర వేలు. తీరుస్తానంటే జరిమానా ఏమిటో నాకు అర్థం కాలేదు. మా గట్‌లో తీర్చినామెకు చప్పట్లు కొడతాం.

"మరి ఆ బీమా? మా ఆయన కన్ను పోయింది కదా" అన్నాను.

ప్రాజక్త తల దించుకుంది. "అది మనిషి చనిపోతేనే వస్తుంది తాయీ." తర్వాత అటూ ఇటూ చూసి నెమ్మదిగా చెప్పింది. ఫైలు ఇచ్చిన షోరూంకు వడ్డీలో కొంత, బీమాలో కొంత వాటా పోతుందట. మా సంపాదన కాగితాలు, మా ఊరు చూసి వడ్డీ ఎంత వేయాలో వాళ్లే అనుకుంటారట. నేను గబగబా కిందికి దిగి సూర్యకాంత్ ఏడని అడిగాను. పుణెకు బదిలీ అయ్యాడన్నారు. ఉంటే మాత్రం ఏం చేసేదాన్ని? బారాణా అన్నాడు, బారాణాయే వేశాడు. దేని మీద అని నేనే అడగలేదు. ఎవరినైనా తిట్టి కడుపు చల్లబరుచుకుందామంటే తిట్టడానికి నాకు నేనే దొరికాను.

కిషన్‌రావు కాగితం రెండుసార్లు చదివాడు. చెడ్డమనిషి కాదు. "బాయీ, నాది నాలుగు అరవయ్యే. మీది మీరు ముప్పై మూడు వేల ఆరువందలు కట్టి అప్పు తీరిన కాగితం తెస్తరా?" అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. "నాకు రబీ పని మొదలైతుంది, ఆగలేను. ఇక్కడ ఇంకో బండి చూసి పెట్టిండ్రు, గది సూసుకుంట. ఏమనుకోకు" అని బండి తాళం నా చేతిలో పెట్టి ఆటో ఎక్కాడు.

శివన్న షోరూం ముందున్న సిమెంటు గట్టు మీద కూర్చున్నాడు. నా అడుగుల చప్పుడు విని లేచాడు.

"అయిపోయిందా? ఎంత మిగిలింది మనకు?"

"మిగల్లె. మనమే ఇంక ముప్పై మూడు వేల ఆరువందలు ఇయ్యాలెనట. బండి ఇచ్చినంక గూడ."

"గట్లెట్ల? నువ్వు చెప్పినవు గద, నాలుగు లక్షల ఎనిమిది వేలని. నేను గూడ పలికితి" అన్నాడు. నిజంగా అర్థంకాకే అడిగాడు, దెప్పడానికి కాదు. దెప్పి ఉంటే బాగుండేది.

"నా లెక్క తప్పింది" అన్నాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదటిసారి. ఆపరేషన్ మాట అతను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అయిదో తారీఖుకు ఇంకా ఎనిమిది రోజులే ఉంది, ఆ కిస్తీకి కూడా మా దగ్గర డబ్బు లేదు.

కొత్త బండ్లు దించాలి, జాగా ఖాళీ చేయమని వాచ్‌మన్ వచ్చాడు. ధర్మాబాద్ దాకా తోలే డ్రైవరు దొరుకుతాడా అని అడిగితే పన్నెండు వందలన్నాడు. నా దగ్గర ఉన్నవి మూడు వందల నలభై. బండి అక్కడ వదిలి బస్సెక్కడానికి లేదు, తోలుకుపోవడానికి మనిషి లేడు. అమ్ముడుపోని ఆ బండి ముందు మేమిద్దరం నిలబడి ఉన్నాం.

"తాళం ఇయ్యి" అన్నాడు శివన్న.

"నీకు కనబడదు."

"ఎడమ దిక్కు కొంచెం కొంచెం కనబడ్తది. నువ్వు పక్కకు కూసోని చెప్పు. మెల్లగ పోదం, రోడ్డు నాకు తెల్వనిదా?"

వద్దని గట్టిగా అనాల్సింది. కానీ ఇంకో దారి చూపించమంటే నా దగ్గర లేదు. తాళం ఇచ్చాను. అతను చేత్తో తడిమి స్టార్ట్ చేశాడు. గేటు దగ్గర రోడ్డు మీద లారీలు, ఆటోలు, మధ్యలో బళ్లు. అతను స్టీరింగు పట్టుకుని, మెడ నావైపు వంచి, ఆగాడు.

"చెప్పు" అన్నాడు.

"కుడి దిక్కు లారీ అస్తుంది, ఆగు. ఇంకోటి ఉంది, ఆగు." లారీ వెళ్లింది. దాని వెనకాల రోడ్డు ఖాళీగా కనబడింది. ఖాళీగానే ఉందా అని మళ్లీ చూశాను, మరొకసారి చూశాను.

"ఇగ పో" అన్నాను.

ఒక్క క్షణం కూడా సందేహించకుండా అతను బండిని రోడ్డు మీదికి తోలాడు.