నిటారుగా నిలబెట్టినందుకు

నేను ఒక బెల్టుని. ప్యాంటు జారకుండా పట్టుకునే రకాన్ని కాను, దెబ్బతిన్న నడుముకు కట్టే రకాన్ని. మందపాటి సాగే బట్ట, వెనకవైపు ఇనుప పట్టీలు, అంతే నా ఒళ్లు. ఎక్కడో ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను పెట్టిన అట్టపెట్టె మీద ఒక తెల్లదొర నన్ను కట్టుకుని చిరునవ్వు నవ్వుతుంటాడు. నడుం నొప్పి ఉన్న మనిషి అలా నవ్వగా నేనింతవరకూ చూడలేదు.

కాశీబుగ్గలోని ఒక మందుల షాపులో నన్ను కొన్నది దాలమ్మ. కట్టుకున్నది ఆమె వదిన గున్నమ్మ. మొగుళ్లు పోయాక వదినా ఆడపడుచులిద్దరూ ఒకే గదిలో ఉంటూ, జీడిపప్పు ఫ్యాక్టరీకి కలిసి వెళ్లేవారట. ఉడికిన జీడిపిక్కల బస్తా నెత్తిన పెట్టుకుని నడుస్తూ, తడిగచ్చు మీద కాలు జారి గున్నమ్మ వెల్లకిలా పడింది. యజమాని ఆమెను ఆటోలో ఇంటికి పంపించి, మర్నాడే పిక్కలు కొట్టే ఆమె పీట మీద ఇంకొకరిని కూర్చోబెట్టాడు.

దెబ్బ మానింది. నొప్పి మానలేదు. నడుం దగ్గర మొదలై ఎడమకాలి మడమదాకా పాకేది. ఎక్స్‌రే చూసినవాళ్లు ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. నేను ఆమె ఒంటిని అంటిపెట్టుకుని ఉండేదాన్ని గనక నాకు తెలుసు. తుమ్ము వస్తుందేమోనన్న భయానికే ఆమె కండరాలు రాయిలా బిగుసుకునేవి.

ఇద్దరి తిండీ దాలమ్మ రెక్కల మీదే పడింది. వికలాంగుల పింఛను వస్తే ఆమెకు కాస్త ఊపిరాడుతుందని గున్నమ్మ ఆశ. నలభై శాతం వైకల్యం ఉందని డాక్టర్లు రాస్తేనే పింఛను ఇస్తారు.

ఆసుపత్రిలో ఆ శాతం రాసే క్యాంపు రోజున గున్నమ్మ తల దువ్వించుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. చీర కింద నన్ను గట్టిగా బిగించుకుంది. పెద్దవాళ్ల ముందు నలిగిపోయి కనబడడం ఆమెకు నామోషీ. డాక్టరు నడవమన్నాడు. నడిచింది. నా బతుకులో నా పని అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు.

"చక్కగా నడుస్తున్నావు కదమ్మా," అన్నాడాయన.

"బెల్టున్నాది బాబూ."

"మరింకేం, బెల్టుతో సరిపోతోందిగా."

ముప్ఫై శాతం అని రాశారు.

మళ్లీ క్యాంపు పెట్టేసరికి ఎండాకాలం వచ్చేసింది. బయల్దేరే ముందు దాలమ్మ నన్ను వదిన చేతిలోంచి లాక్కుంది.

"ఈపాలి కట్టకు వొదినా. నీ నొప్పేటో ఆలకి కనపడాల."

"నాటకమాడమంటావేటి?"

"ఆడొద్దు. ఉన్నది దాసకు, అంతే."

నన్ను చుట్టి సంచిలో పెట్టింది. ఆసుపత్రి వరండాలో వరుస గేటుదాకా ఉంది. గున్నమ్మ కాసేపు నిలబడింది, కాసేపు గోడకు ఆనుకుంది, చివరికి గోడ వెంబడి జారి నేలమీద ఒరిగిపోయింది. ముఖమంతా చెమట. దాలమ్మ చూడలేక సంచిలో చెయ్యి పెట్టి నన్ను బయటికి తియ్యబోయింది. గున్నమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ," అంది.

ఈసారి లేడీ డాక్టరు. పాత కాగితం చూసి, "పోయినసారి బాగా నడిచావని రాశారే," అంది. గున్నమ్మ బల్ల అంచు పట్టుకుని వేలాడుతోంది.

"ఏ పనులు చేసుకోలేవో చెప్పమ్మా."

"పిక్కలు కొట్టనేను."

"అది కాదు. ఇంట్లో, నీ ఒంటి పనులు."

గున్నమ్మ తలుపు వైపు చూసింది. తలుపు బార్లా తెరిచి ఉంది. వరుసలో తమ వీధివాళ్లు కూడా ఉన్నారు. తల దించుకుని ఏదో గొణిగింది.

"వినపడలేదు. గట్టిగా చెప్పు."

"దొడ్డికెల్తే మా దాలమ్మే కడుగుతాది," అంది గున్నమ్మ.

వరండాలో మాటలు ఆగిపోయాయి. డాక్టరు కాసేపు రాసింది. రాశాక లేచి వెళ్లి తలుపు మూసింది. ఆమె చెడ్డమనిషి కాదు. మూయాలన్న సంగతి ఆలస్యంగా తోచింది, అంతే.

తిరుగు ఆటో ఎక్కారు.

"సెప్పకపోతే రాసీవోరా వొదినా?" అంది దాలమ్మ.

"అది నీకూ నాకూ మద్దెన ఉండీది."

పింఛను వచ్చింది. ఆ వారమే గున్నమ్మ నన్ను కట్టుకుని వీధి కుళాయి దగ్గరికి వెళ్లింది. నిటారుగా నిలబడి చెంబు పట్టుకుంది. మొగుడి పింఛను అర్జీ తిరిగొచ్చిన ఒకామె అక్కడే బిందె తోముతోంది. "పింఛనొచ్చీసరికి నడుం తిన్నగైపోనాది," అంది, ఎవరితోనూ కాదన్నట్టు. అదే వీధిలో అంతకుముందే ఎవరిదో పింఛను ఇలాంటి ఫిర్యాదు మీద ఆగిపోయింది. గున్నమ్మ చెంబు సగం నిండకుండానే ఇంటికొచ్చేసి నన్ను విప్పి మేకుకు తగిలించింది.

మొదట వీధిలోకి వెళ్లేటప్పుడే నన్ను మానేసింది. తలుపు వీధిలోకే కదా, తర్వాత ఇంట్లోనూ మానేసింది. వంగి నడిచింది. వంగి కూర్చుంది. మేకు మీది నుంచి రోజూ చూసేదాన్ని. మనుషులు నన్ను చేసింది మనిషిని నిలబెట్టడానికి. నిలబడ్డ మనిషికి సాయం అక్కర్లేదని తీర్మానించిందీ మనుషులే. ఈ రెండింటికీ ఎలా పొసగుతుందో బెల్టు బుర్రకు అందదు. కొన్నాళ్లకు దాలమ్మ నన్ను దించి గది మూలనున్న పుల్లల మోపుకు చుట్టింది.

నిన్న పింఛన్ల తనిఖీకి ఒకాయన వచ్చాడు. గుమ్మంలోంచే గున్నమ్మను చూశాడు. రెండుగా మడతపడిన మనిషి. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పక్కింటికి వెళ్లిపోయాడు. దాలమ్మ తలుపు దగ్గరగా వేసింది.

"ఎల్లిపోనాడు. ఇంక తిన్నగా అవ్వు వొదినా."

గున్నమ్మ గోడ పట్టుకుంది. ఒకసారి లేవబోయింది, ఆగి మళ్లీ లేవబోయింది. నడుం లేవలేదు. దాలమ్మ చేయి అందించబోతే వద్దని తల ఊపింది.

"పోనీలే," అంది నేలకేసి చూస్తూ. "గంజి ఒంపు."